గుర్రాన్ని అడిగితే ఆట తెలియదు: టీడీడీతో చదరంగం రాయడం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పైథాన్‌లో చదరంగం రాస్తున్నారు. ముందు టెస్టు, తర్వాత కోడ్ అన్న క్రమాన్ని, అంటే టీడీడీని (టెస్ట్ డ్రివెన్ డెవలప్‌మెంట్), నిష్ఠగా పాటించారు. రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం, బంటు ఒక్కోదానికి ఒక్కో క్లాస్ పెట్టి, ఒక్కో క్లాస్‌కు పది టెస్టులు రాశారు. అరవై టెస్టులూ నెగ్గుతున్నాయి. అయినా ఆడి చూస్తే, రాజుకు చెక్ ఉండగానే ఎక్కడో మూల ఉన్న బంటును కదపనిస్తోంది. దాన్ని సరిచేయబోతే క్యాస్లింగ్ (రాజు ఏనుగు వైపు రెండు గళ్ళు జరిగి, ఏనుగు రాజును దాటి పక్కన నిలిచే కోట ఎత్తు) చెడింది. క్యాస్లింగ్ సరిచేయబోతే ప్రోగ్రాం తనను తానే పిలుచుకుంటూ పోయి ఆగిపోయింది. తప్పు మీదా, లేక టీడీడీ చదరంగానికి పనికిరాదా అని అడిగారు. రాసిన క్లాసులన్నీ తీసేయాలా అని కూడా అడిగారు.

టీడీడీ చదరంగానికి చక్కగా పనికివస్తుంది. ఇంత స్పష్టంగా రాసిపెట్టిన నియమాలున్న సమస్య ప్రోగ్రామర్లకు అరుదుగా దొరుకుతుంది. మీ క్రమశిక్షణలోనూ లోపం లేదు. మీ టెస్టులు ప్రశ్నను తప్పు మనిషిని అడుగుతున్నాయి, అంతే. నేను చదరంగాన్ని నాలుగుసార్లు మొదటి నుంచి రాశాను. మొదటిసారి సరిగ్గా మీరు ఆగిన చోటే ఆగాను. కనుక ఈ జవాబు కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మాటల విషయంలో ముందే ఒక ఒప్పందం చేసుకుందాం. మూలల్లో నిలిచి నేరుగా నడిచేది ఏనుగు, ఐమూలగా నడిచేది శకటు. ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు ఉంది కాబట్టి ఇది చెప్పక తప్పదు. ఒకరు ఒకసారి కదపడాన్ని ఎత్తు అంటాను. నియమాల ప్రకారం వేయదగినది చెల్లే ఎత్తు. గడి పేరులో అక్షరం (ఎ నుంచి హెచ్) నిలువు వరుసను, అంకె (1 నుంచి 8) అడ్డు వరుసను చెబుతుంది.

ఇప్పుడు మీ గుర్రం క్లాస్‌ను చూడండి. ఇ4లో నిలబెట్టి అడిగితే ఎనిమిది గళ్ళు చెబుతుంది. టెస్టు నెగ్గుతుంది. కానీ ఆ గుర్రం వెనుక ఇ1లో సొంత రాజు, ముందు ఇ8లో ఎదుటి ఏనుగు ఉంటే దానికి చెల్లే ఎత్తు ఒక్కటీ లేదు. ఈ సంగతి గుర్రానికి ఎలా తెలుస్తుంది? తెలియాలంటే దానికి బల్లను ఇవ్వాలి. క్యాస్లింగ్ వచ్చేసరికి రాజుకు గత చరిత్ర కూడా ఇవ్వాలి. ఎన్ పాసాన్ (రెండు గళ్ళు నడిచి పక్కకు వచ్చిన ఎదుటి బంటును, అది ఒక్క గడే నడిచినట్టు వెంటనే చంపడం) వచ్చేసరికి బంటుకు ఎదుటివారి చివరి ఎత్తు ఇవ్వాలి. చివరికి ప్రతి పావూ ఆట మొత్తాన్ని చేతిలో పట్టుకుని తిరుగుతుంది. రాజు తన ఎత్తులు చెప్పడానికి ఎదుటి పావుల ఎత్తులు అడుగుతాడు. ఎదుటి పావుల్లో ఎదుటి రాజు కూడా ఉంటాడు, ఆయన తిరిగి మీ రాజును అడుగుతాడు. మీ ప్రోగ్రాం తనను తానే పిలుచుకుంటూ ఆగిపోయింది ఇక్కడే.

అందుకే టెస్టులన్నీ రెండే రెండు ప్రశ్నల ద్వారా వెళ్ళాలి. ఈ స్థితిలో చెల్లే ఎత్తులు ఏవి? ఈ స్థితిలో ఈ ఎత్తు వేస్తే వచ్చే స్థితి ఏది? ఇవే రెండు తలుపులు. లోపల క్లాసులు ఉంటాయా, 64 గళ్ళ జాబితా ఉంటుందా, బిట్‌బోర్డులు (64 గళ్ళను 64 బిట్లుగా దాచే సంఖ్యలు) ఉంటాయా అన్నది టెస్టుకు తెలియకూడదు. నా మూడో ప్రయత్నంలో లోపలి నిర్మాణాన్ని పూర్తిగా మార్చాను. సుమారు రెండు వందల టెస్టుల్లో ఒక్కటి కూడా తిరగరాయవలసి రాలేదు. మీ అరవై టెస్టులు ఇప్పుడున్న రూపంలో అలాంటి మార్పును తట్టుకోలేవు, ఎందుకంటే అవి క్లాసుల పేర్లకే ముడిపడి ఉన్నాయి.

స్థితి అన్నాను, బల్ల అనలేదు. ఈ తేడాను కళ్ళకు కట్టేది ఫెన్ సంకేతం. 19వ శతాబ్దంలో స్కాట్లండ్ పత్రికా రచయిత డేవిడ్ ఫోర్సిత్ వాడుకలోకి తెచ్చిన పద్ధతిని తర్వాత స్టీవెన్ ఎడ్వర్డ్స్ కంప్యూటర్లకు తగినట్టు విస్తరించారు. ఒకే వరుసలో ఆరు అంశాలుంటాయి: పావుల అమరిక, ఎవరి వంతు, మిగిలి ఉన్న క్యాస్లింగ్ హక్కులు, ఎన్ పాసాన్‌కు వీలున్న గడి, చివరిసారి బంటు కదిలాక లేదా పావు చచ్చాక గడిచిన ఎత్తుల లెక్క, ఇద్దరూ చెరొకటి వేస్తే ఒకటిగా లెక్కించే జత ఎత్తుల సంఖ్య. పావుల అమరిక ఆరింటిలో ఒకటి మాత్రమే. మొదటిసారి రాసేవారు దాన్నే మొత్తం అనుకుంటారు, మిగతా ఐదూ తర్వాత ఒక్కొక్కటిగా ఏదో క్లాస్‌లో అతికిస్తారు. కనుక మీ మొట్టమొదటి టెస్టు ఫెన్ చదివి తిరిగి అదే ఫెన్ రాయడం కావాలని నా గట్టి సలహా. అది చిన్న పని, ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఆ తర్వాత ప్రతి టెస్టుకూ స్థితిని ఒక్క వరుసలో నిలబెట్టగలుగుతారు.

రెండో మెట్టు ఖాళీ బల్ల మీద ఒంటరి పావు. ఇక్కడ ఒక హెచ్చరిక. రాజులు లేని బల్లను టెస్టుల కోసం అనుమతించవద్దు. నేను అనుమతించాను. "రాజు లేకపోతే" అనే షరతు కోడ్‌లో ఏడు చోట్ల చేరింది. నిజమైన ఆటలో ఎన్నడూ జరగని విషయం కోసం ఏడు షరతులు! రెండు రాజులనూ దారికి అడ్డు రాని మూలల్లో పెట్టండి, ఫలానా గడి నుంచి బయలుదేరే ఎత్తులను మాత్రమే లెక్కించండి.

రాజులు దారిలో లేనప్పుడు ఏనుగుకు ఏ గడిలో నిలిచినా 14 ఎత్తులు. శకటుకు మూలలో 7, నడిమిలో 13. గుర్రానికి మూలలో 2, నడిమిలో 8. ఈ జవాబులు బల్ల మీద వేలు పెట్టి లెక్కించి రాసినవి, కోడ్ నుంచి తీసుకున్నవి కావు. ఆశించే జవాబు కోడ్ బయటి నుంచి రావాలన్న సూత్రం ఇక్కడే మొదలవుతుంది. ఇంకో లెక్క కూడా కాగితం మీద చేసి పెట్టుకోండి: ఖాళీ బల్లపై గుర్రాన్ని 64 గళ్ళలో ఒక్కోచోట పెట్టి ఎత్తులన్నీ కూడితే 336, రాజుకైతే 420. కదలిక పట్టికను మాత్రమే అడిగే ఈ ఒక్క టెస్టుకు రాజుల నియమం సడలించవచ్చు, ఎందుకంటే ఇక్కడ ఆట లేదు, పట్టిక ఉంది. 64 గళ్ళను ఒకే పొడవాటి జాబితాగా పెట్టుకున్నవారికి ఈ 336 ప్రాణరక్షణ. హెచ్ నిలువు వరుసలోని గుర్రం బల్ల అంచు దాటి ఎ నిలువు వరుసలో ప్రత్యక్షమవడం చాలా సాధారణమైన పొరపాటు. కూడిక 336 దాటగానే అది బయటపడుతుంది.

ఏనుగు టెస్టులు నెగ్గాక శకటు రాస్తారు. కోడ్ దాదాపు అదే, దిశలు నాలుగూ వేరు. మంత్రి రాసేసరికి మూడోసారి అదే లూపు. అప్పుడు ఆగి, దిశల జాబితాను తీసుకుని అడ్డం వచ్చేదాకా జారే ఒకే ఫంక్షన్‌గా మార్చండి. గుర్రానికీ రాజుకూ ఒక్క అడుగు వేసే మరో ఫంక్షన్. ముందే ఊహించి కట్టిన క్లాసుల వంశవృక్షానికీ, మూడుసార్లు ఒకే కోడ్ రాశాక దానంతట అది బయటపడిన ఆకారానికీ ఉన్న తేడా ఇదే. ప్రోగ్రామర్ కెంట్ బెక్ టీడీడీని ప్రచారం చేసినప్పటి నుంచి ఎరుపు, పచ్చ, శుభ్రం (టెస్టు విఫలమవడం, నెగ్గడం, కోడ్‌ను చక్కదిద్దడం) అన్న మూడడుగులు అందరూ వల్లిస్తున్నారు. మూడో అడుగును దాటవేసేవారే ఎక్కువ. చదరంగంలో ఆ మూడో అడుగు ఫలం చాలా తొందరగా కనిపిస్తుంది.

బంటు దగ్గర నిదానించండి. చిన్న పావు, పెద్ద నియమాలు. నడిచేది నేరుగా, చంపేది ఐమూలగా. రంగును బట్టి దిశ మారుతుంది. రెండు గళ్ళ అడుగుకు అడ్డం మొదటి గడిలో ఉండవచ్చు, రెండో గడిలో ఉండవచ్చు, రెండింటికీ వేర్వేరు టెస్టులు కావాలి. మొదటి గడిలో అడ్డం ఉన్నా దాని మీదుగా దూకే బంటును నేను చాలామంది కోడ్‌లో చూశాను. ఆపైన పదోన్నతి. చివరి అడ్డు వరుసకు చేరిన బంటుకు ఎత్తు ఒకటి కాదు, నాలుగు: మంత్రి, ఏనుగు, శకటు, గుర్రం. బి7లో తెల్ల బంటు, ఎ8లోనూ సి8లోనూ నల్ల పావులు, బి8 ఖాళీ అయితే ఆ బంటుకు 12 ఎత్తులు. ఈ ఒక్క టెస్టు రాసిన క్షణంలో ఎత్తు అంటే "ఎక్కడి నుంచి, ఎక్కడికి" మాత్రమే సరిపోదని, "ఏమిగా మారాలి" అన్న మూడో అంశం అవసరమని తెలుస్తుంది. డిజైన్ ముందే కూర్చుని ఆలోచిస్తే నాకు తట్టలేదు, టెస్టు చెప్పింది.

ఇప్పుడు మిమ్మల్ని ఆపిన చిక్కుముడి. దాడి వేరు, చెల్లే ఎత్తు వేరు. "ఈ గడి మీద నలుపు దాడి ఉందా?" అన్న ప్రశ్నకు చెల్లే ఎత్తుల జాబితాతో ఏ సంబంధమూ ఉండకూడదు. నియమాల్లోనే స్పష్టంగా ఉంది: తన రాజుకు అడ్డుగా నిలిచి కదలలేని పావు కూడా తన పరిధిలోని గళ్ళ మీద దాడి చేస్తున్నట్టే లెక్క. అలాగే బంటు నేరుగా వెళ్ళగల గడి మీద దాడి లేదు, ఐమూల గడి ఖాళీగా ఉన్నా దాని మీద దాడి ఉంది. ఈ మూడింటికీ మూడు టెస్టులు రాయండి. దాడి ఫంక్షన్ ఆ గడిలో నిలబడి బయటికి చూస్తుంది: గుర్రం దూరంలో గుర్రం ఉందా, నేరు దారుల్లో మొదట కనిపించేది ఏనుగా మంత్రా, ఐమూల దారుల్లో శకటా మంత్రా, పక్కన రాజు ఉన్నాడా, బంటు కోణంలో బంటు ఉందా. ఎవరినీ తిరిగి పిలవదు, కాబట్టి చక్రం తెగిపోతుంది.

చెల్లడం తేల్చడానికి సులభమైన మార్గం ఎత్తు వేసి చూడడం. వేశాక సొంత రాజు మీద దాడి ఉంటే అది చెల్లదు. నెమ్మది అంటారు, నిజమే, కానీ తప్పు జరిగే అవకాశం తక్కువ. ఉదాహరణకు తెల్ల రాజు ఇ4లో, నల్ల ఏనుగు ఇ8లో ఉంటే రాజు ఇ3కి వెనక్కి జరగడం చెల్లదు. ముందే దాడి గళ్ళ జాబితా తయారు చేసుకునేవారు ఇక్కడ పొరబడతారు, ఎందుకంటే లెక్కిస్తున్నప్పుడు రాజు ఇ4లోనే ఉండి ఇ3ని తానే కప్పేస్తాడు. ఎత్తు వేసి చూసే పద్ధతిలో ఈ టెస్టు రాసిన వెంటనే నెగ్గుతుంది. నెగ్గినా ఉంచండి. రేపు వేగం కోసం పద్ధతి మార్చిన రోజున అది కాపలా కాస్తుంది.

టెస్టులోని జవాబు ఎక్కడి నుంచి రావాలన్న విషయం మళ్ళీ ఎత్తుకుంటాను, ఇది మనవారికి మరీ ముఖ్యం. మనలో చాలామంది చదరంగాన్ని పుస్తకం చూసి నేర్చుకోలేదు, అరుగు మీద పెద్దవారి పక్కన కూర్చుని నేర్చుకున్నాం. మన దేశపు పాత పద్ధతిలో బంటుకు మొదటి ఎత్తులోనూ ఒక్క గడే, క్యాస్లింగ్ లేదు, రాజు ఆటలో ఒకసారి గుర్రంలా దూకవచ్చు. ఆ ఆట తప్పు కాదు, అది వేరే ఆట. జ్ఞాపకం నుంచి టెస్టు రాస్తే మీరు ఏ ఆట రాస్తున్నారో మీకే తెలియకుండా పోతుంది. అంతర్జాతీయ నియమాల్లో మొదటి స్థితిలో తెలుపుకు 20 ఎత్తులు: బంట్లవి 16, గుర్రాలవి 4. బంటుకు ఒక్క గడే అయితే, రాజు దూకుడును పక్కన పెడితే, 12 మాత్రమే. కనుక అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నియమావళిని ప్రింటు తీసుకుని ఒక్కో వాక్యం పక్కన ఒక్కో టెస్టు పేరు రాసుకోండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

పేర్ల విషయం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, పైథాన్ 3లో ఫంక్షన్ పేర్లు తెలుగు లిపిలో పెట్టుకోవచ్చు. టెస్టులు నడిపే సాధనం పైటెస్ట్ గుర్తుపట్టడానికి పేరు ముందు ఇంగ్లిష్ అక్షరాల్లో టెస్ట్ అన్న మాట ఉంటే చాలు. "దాడిలో_ఉన్న_గడి_మీదుగా_రాజు_కోటకు_వెళ్ళలేడు" అన్న పేరు చదివితే వ్యాఖ్య అవసరం ఉండదు. ఒక్క జాగ్రత్త: పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా కీబోర్డు చేర్చే కనిపించని గుర్తును పైథాన్ పేర్లలో ఒప్పుకోదు. అది రాని మాటలు ఎంచుకోండి.

క్యాస్లింగ్‌కు ఒకే పునాది స్థితి పెట్టుకోండి: రాజులు ఇ1, ఇ8లో, నాలుగు ఏనుగులు నాలుగు మూలల్లో, మరేమీ లేదు, హక్కులన్నీ ఉన్నాయి. తెలుపుకు 26 ఎత్తులు. ఎ1 ఏనుగువి 10, హెచ్1 ఏనుగువి 9, రాజువి 5, క్యాస్లింగ్ 2. ఈ స్థితిలో తెల్ల ఏనుగులు రెండూ దాడిలో ఉన్నాయి, అయినా క్యాస్లింగ్ చెల్లుతుందన్నది ఇక్కడే రుజువైంది. ఇక ఎ8లోని నల్ల ఏనుగును ఒక్కో గడికి జరుపుతూ పోండి. డి8కి జరిపితే డి1 దాడిలో పడుతుంది, మంత్రి వైపు క్యాస్లింగ్ పోతుంది. సి8కి జరిపినా అంతే. బి8కి జరిపితే? బి1 దాడిలో ఉంది, కానీ రాజు ఆ గడి మీదుగా వెళ్ళడు, వెళ్ళేది ఏనుగు. కనుక చెల్లుతుంది. దీన్ని చెల్లదని రాసిన ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. బి1 ఖాళీగా ఉండాలి, దాడిలో ఉన్నా ఫర్వాలేదు. ప్రతి టెస్టూ పునాది స్థితికి ఒక్క మార్పు దూరంలో ఉంటే, విఫలమైనప్పుడు కారణం వెతకనక్కరలేదు.

ఎన్ పాసాన్ గురించి ఒకే ఒక్క స్థితి చెబుతాను, ఎందుకంటే దాన్ని ఊహించి టెస్టు రాసేవారు అరుదు. తెల్ల రాజు ఎ5, తెల్ల బంటు బి5, నల్ల ఏనుగు హెచ్5, నల్ల బంటు సి7, నల్ల రాజు దూరంగా. ఐదో అడ్డు వరుసలో ఇంకేమీ లేదు. నలుపు సి7 బంటును సి5కి రెండు గళ్ళు నడిపింది. తెల్ల బంటు దాన్ని ఎన్ పాసాన్‌లో చంపవచ్చా? చంపితే బి5 బంటు సి6కి వెళుతుంది, సి5 బంటు బల్ల మీద నుంచి లేస్తుంది. ఒకే ఎత్తులో ఐదో వరుస నుంచి రెండు బంట్లు మాయమై హెచ్5 ఏనుగుకు రాజు ఎదురుపడతాడు. కనుక చెల్లదు. ఎత్తు వేసి చూసేటప్పుడు చచ్చిన బంటును కూడా నిజంగా తీసేస్తేనే ఇది పట్టుబడుతుంది.

ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయో మీకు తెలియదు, నాకూ మొదట తెలియలేదు. మనకు తట్టిన ఉదాహరణలకే మనం టెస్టులు రాస్తాం. తట్టని వాటిని పట్టుకోవడానికి చదరంగంలో పెర్ఫ్ట్ అనే అద్భుతమైన సాధనం ఉంది. ఒక స్థితి నుంచి ఇన్ని ఎత్తుల లోతుకు వెళితే ఎన్ని దారులు ఉన్నాయో లెక్కించడం, అంతే. మొదటి స్థితి నుంచి లోతు 1కి 20, లోతు 2కి 400, లోతు 3కి 8,902, లోతు 4కి 1,97,281, లోతు 5కి 48,65,609. ప్రపంచంలో ఎవరు సరిగ్గా రాసినా ఈ అంకెలే వస్తాయి. మీ కోడ్‌తో సంబంధం లేని సాక్షి ఇంతకంటే ఎవరు?

అయితే ఇల్లు అలకగానే పండగ కాదు. 1,97,281 సరిగ్గా వచ్చిందని సంబరపడి ఆగినవారిని చూశాను. ఆ నాలుగు ఎత్తుల లోతులో ఎన్ పాసాన్ ఒక్కటీ లేదు, అది ఐదో లోతులో మొదలవుతుంది, 258 సార్లు. క్యాస్లింగ్ ఏడో లోతుకు ముందు సాధ్యం కాదు. పదోన్నతికి తొమ్మిదో లోతు కావాలి. అంటే మీ కోడ్‌లో క్యాస్లింగ్ అసలే లేకపోయినా ఆ అంకె సరిగ్గా వస్తుంది. అందుకే కావాలని చిక్కుగా కూర్చిన స్థితులు వాడతారు. వాటిలో పేరున్నది కివిపీట్: రెండు వైపులా క్యాస్లింగ్ హక్కులు, కదలలేని పావులు, ఎన్ పాసాన్ అన్నీ దగ్గర దగ్గరగా ఉంటాయి. దాని అంకెలు 48, 2,039, 97,862, 40,85,603.

నా రెండో ప్రయత్నంలో కివిపీట్ మూడు లోతులు సరిగ్గా వచ్చి నాలుగో లోతులో లెక్క ఎక్కువ వచ్చింది. అప్పటికి క్యాస్లింగ్‌కు పదకొండు టెస్టులు ఉన్నాయి, అన్నీ నెగ్గుతున్నాయి. 40 లక్షల దారుల్లో తప్పు దారి ఎలా వెతకాలి? మొదటి 48 ఎత్తుల్లో ఒక్కోదాని కింద ఎన్ని దారులో విడివిడిగా రాయించి, నమ్మదగిన ప్రోగ్రాంతో పోల్చాలి. స్టాక్‌ఫిష్ అనే చదరంగ ప్రోగ్రాం ఈ లెక్కను ఒక్క ఆదేశంతో ఇస్తుంది. తేడా కనిపించిన వరుసల్లో ఒకటి గుర్రం ఇ5 నుంచి ఎఫ్7 బంటును చంపడం. ఆ ఎత్తు వేసి, లోతు ఒకటి తగ్గించి, మళ్ళీ పోల్చాను. ఇలా మూడుసార్లు చేసేసరికి స్థితి దొరికింది. గుర్రం ఎఫ్7 నుంచి హెచ్8లోని ఏనుగును చంపింది. తర్వాతి ఎత్తులో నలుపు, చచ్చిపోయిన ఏనుగుతో క్యాస్లింగ్ చేస్తోంది. ఏనుగు కదిలితే హక్కు పోతుందని టెస్టు రాశాను, ఏనుగు చస్తే హక్కు పోతుందని రాయలేదు. ఆ రాత్రి పన్నెండో టెస్టు రాశాను. ఆ మూలలో ఏనుగు ఉందో లేదో చూసే షరతు ఒక్కటి పెట్టి ఊరుకుంటే చాలదు, ఎందుకంటే రెండో ఏనుగు నడిచి వచ్చి ఆ మూలలో నిలిస్తే లేని హక్కు మళ్ళీ బతుకుతుంది. టెస్టు అడగవలసింది ఏనుగు చచ్చిన వెంటనే ఫెన్‌లోని హక్కుల అంశం మారిందా అని.

పెర్ఫ్ట్ తప్పు ఉందని చెబుతుంది, అది ఎక్కడ ఉందో విభజన (ఒక్కో ఎత్తు కింది విడి లెక్క) చెబుతుంది, మళ్ళీ రాకుండా కాపాడేది చిన్న టెస్టు. మూడూ కావాలి. పెర్ఫ్ట్ చూపిన ప్రతి తప్పునూ వెంటనే కోడ్‌లో దిద్దకండి. ముందు అతి చిన్న స్థితిగా కుదించి, విఫలమయ్యే టెస్టుగా రాసి, అప్పుడు దిద్దండి. వేగం విషయంలో, సాధారణ పైథాన్ కోడ్‌కు ఐదో లోతు చాలాసేపు పడుతుంది. మూడో లోతు వరకు ప్రతి మార్పుకూ, అంతకు మించినవి రాత్రికి ఒకసారి నడపండి.

ఇంకో రెండు టెస్టులు తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితం ఇస్తాయి. స్థితిని తలకిందులు చేసి రంగులు మార్చితే చెల్లే ఎత్తుల సంఖ్య మారకూడదు. నల్ల బంట్ల దిశలో పొరపాట్లు దీనికి చిక్కుతాయి. ఎత్తు వేసి వెనక్కి తీసుకునే పద్ధతి వాడితే, ప్రతి చెల్లే ఎత్తుకూ వేసి, తీసి, ఫెన్ మునుపటిదేనా అని చూడండి. మొదట్లో మాత్రం వెనక్కి తీయకండి, ప్రతిసారీ కొత్త స్థితిని తయారు చేయండి.

ఆట ముగింపుకు వద్దాం. నల్ల రాజు ఎ8, తెల్ల రాజు సి6, తెల్ల మంత్రి బి6, నలుపు వంతు: చెక్ లేదు, కదలికా లేదు, స్టేల్‌మేట్, అంటే డ్రా. మంత్రిని బి7కి జరపండి: ఆటకట్టు. ఇప్పుడు తెల్ల రాజును ఇ1కి పంపండి: నల్ల రాజు మంత్రినే చంపవచ్చు, ఆట సాగుతుంది. మూడు టెస్టులు, ఒక్కోదానికి ఒక్క పావు తేడా. కోడ్ రెండు వరుసలు: చెల్లే ఎత్తులు లేకపోతే, చెక్ ఉందా లేదా. మొదటి నుంచి ప్రశ్నను ఆటనే అడుగుతూ వచ్చినందుకు ఇక్కడ పని ఇంత తేలికైంది.

డ్రాలు మాత్రం తేలిక కాదు. ఒకే స్థితి మూడుసార్లు వస్తే ఆటగాడు డ్రా కోరవచ్చు, ఐదుసార్లు వస్తే ఆట దానంతట అదే ముగుస్తుంది. బంటు కదలకుండా, పావు చావకుండా ఇద్దరూ చెరి 50 ఎత్తులు వేస్తే కోరవచ్చు, 75 అయితే ముగుస్తుంది. ఆ చివరి ఎత్తుతోనే ఆటకట్టు అయితే ఆటకట్టే నిలుస్తుంది. కోరడం, ముగియడం వేర్వేరు ఫంక్షన్లు కావాలి. ఒకే స్థితి అంటే పావుల అమరికే కాదు, వంతు, క్యాస్లింగ్ హక్కులు, ఎన్ పాసాన్ అవకాశం కూడా ఒకటే కావాలి. రాజు ఒక అడుగు వేసి తిరిగి వస్తే బల్ల చూడడానికి అలాగే ఉంటుంది, హక్కు పోయింది కాబట్టి అది వేరే స్థితి. దీనికి టెస్టు రాసేసరికి చరిత్ర స్థితిలో ఇమడదని అర్థమవుతుంది, ఆట అనే వేరే వస్తువు పుడుతుంది. దాన్ని ముందే పుట్టించనక్కరలేదు.

తర్వాత కంప్యూటర్ చేత ఆడించాలని ఉంటుంది. అక్కడ టీడీడీకి హద్దు ఉంది. ఆల్ఫా బీటా కోతతో (ఫలితాన్ని మార్చలేని దారులను చూడకుండా వదిలేసి) వచ్చిన విలువ, అదే లోతులో కోత లేని మినీమాక్స్ (ఇద్దరూ తమకు మేలైన ఎత్తే వేస్తారనుకుని దారులన్నీ చూసే పద్ధతి) విలువ ఒకటే కావాలన్నది గట్టి టెస్టు, తప్పక రాయండి. ఒక ఎత్తులో, రెండు ఎత్తుల్లో ఆటకట్టు ఉన్న సమస్యలు ఇచ్చి కనిపెడుతుందో లేదో చూడండి. కానీ శకటు విలువ ఎంత ఉంటే ప్రోగ్రాం బాగా ఆడుతుందన్నది ఏ టెస్టూ చెప్పదు. పాత రూపం, కొత్త రూపం ఒకదానితో ఒకటి వందల ఆటలు ఆడితేనే తెలుస్తుంది. అల్గారిథం కూడా టెస్టుల నుంచి దానంతట పుట్టదు, చదివి తెలుసుకుని రావాలి.

మీ క్లాసుల సంగతి. ఈరోజే తీసేయకండి. మీ అరవై టెస్టుల్లోని జవాబులు చాలావరకు సరైనవే, వాటి వెనుక మీ శ్రమ ఉంది. "ఈ ఫెన్‌లో ఈ గడి నుంచి చెల్లే ఎత్తులు" అనే ఒక్క సహాయక ఫంక్షన్ రాయండి. అది లోపల ప్రస్తుతానికి మీ పాత క్లాసులనే పిలవనివ్వండి. టెస్టులను ఒక్కొక్కటిగా దాని మీదికి మార్చండి. కొన్ని ఎర్రబడతాయి, ముఖ్యంగా రాజుకు అడ్డుగా నిలిచిన పావులవి. వాటిని ఇ4 గుర్రం ఉదాహరణతో మొదలుపెట్టి దిద్దండి. దాడి ఫంక్షన్‌ను విడదీశాక లోతు 3 పెర్ఫ్ట్ నడపండి. 8,902 రాకపోతే, మొదటి 20 ఎత్తుల విభజన ఇక్కడ పెట్టండి, తేడా ఏ వరుసలో ఉందో కలిసి చూద్దాం.